చివరి చెయ్యి

బుధవారం పొద్దున్న పదింటికి లాండ్రీ వెనక గదిలో అయిదు ఇస్త్రీ బల్లల దగ్గరా పని మంచి ఊపు మీద ఉంది. ఆవిరికి గోడలు చెమర్చాయి. మూడో బల్ల ఆమెది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరూ కాలరమ్మ అనే పిలుస్తారు. చొక్కా ఎవరైనా ఇస్త్రీ చేస్తారు గానీ కాలరు మాత్రం ఆమే చెయ్యాలి. ముందు లోపలివైపు, రెండు కొసల నుంచి మధ్యకి. తర్వాత తిప్పి పైవైపు. ముడత మిగిలితే అది మెడ వెనక్కి పోవాలే తప్ప గొంతు దగ్గర కనపడకూడదు. పదకొండేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు.

ఓనరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారుతుందని ఆయన ఆ గదిలోకి రావడమే తక్కువ. చేతిలో రెండు వేళ్ళ వెడల్పు కాగితం ముక్క ఉంది. దాన్ని చూడగానే ఆమె గుర్తుపట్టింది. పాత క్యాలెండరు కాగితం కత్తిరించి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట సోమవారం పొద్దున్న తన వంటింట్లో కూర్చుని రాసిన ముప్పై ముక్కల్లో అదొకటి.

"మున్సిపల్ ఆఫీసులో పర్మిషన్లు చూసే ఆఫీసరు గారి చొక్కా జేబులో వచ్చిందిది," అన్నాడు ఓనరు. "పొద్దున్నే ఫోన్ చేసి చెడామడా తిట్టాడు. బట్టలు ఉతుకుతున్నారా, ఇళ్ళల్లోకి తొంగి చూస్తున్నారా అని. వినండి, ఏం రాశారో. 'మీ ఇంట్లో నిశ్శబ్దం దేవుడికి వినిపిస్తోంది.' ఆయనింట్లో నిశ్శబ్దమో, గోలో, మనకెందుకు?"

గుక్క తిప్పుకోవడానికన్నట్టు బాయిలరు ఒకసారి బుస్సుమంది.

"ఎవరు పెట్టారో నాకనవసరం." ఆ మాట అంటున్నప్పుడు ఓనరు మొదటి బల్లవైపు చూశాడు, రెండో బల్లవైపు చూశాడు, పైన తిరుగుతున్న ఫ్యానువైపు కూడా చూశాడు. మూడో బల్లవైపు మాత్రం చూడలేదు. ఆమె భర్త ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి అని ఆయనకి తెలుసు. ఆ చేతిరాత ఎవరిదై ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కానీ ఊహిస్తే కాలరమ్మని పంపించెయ్యాలి. పంపించేస్తే రెండు హోటళ్ళ చొక్కాలు పక్క వీధి లాండ్రీకి పోతాయి. అందుకని ఆయన ఊహించడం మానుకున్నాడు.

"మా నాన్న పెట్టిన రూలు అందరికీ తెలుసు. మూట మీద చివరి చెయ్యి ఎవరిదో, మూటలో ఉన్నదానికి జవాబు వాళ్ళదే. చివరి చెయ్యి ఎవరిది?"

ముందు గదికీ వెనక గదికీ మధ్య గుమ్మంలో దారం బాబాయి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ అయిన బట్టలు మడతపెట్టి, కాగితంలో చుట్టి, దారం కట్టడం ఆయన పని. ఆయన వేసిన ముడి దారిలో ఊడదు, ఇంటికి వెళ్ళాక ఒక్క లాగుతో ఊడిపోతుంది. మెడలో ఎప్పుడూ దారపు ఉండ వేలాడుతూ ఉంటుంది.

"నాదేనండీ," అన్నాడాయన.

"మరి చూసుకోవద్దూ?"

"పొరపాటయింది."

"ఎవరో ఒకర్ని తీసేస్తే గానీ ఆయన ఊరుకునేలా లేడు. ఆ ఆఫీసు మూటలన్నీ ఆపించేస్తానంటున్నాడు." ఓనరు గొంతు తగ్గింది. "ఇరవై ఆరేళ్ళు పనిచేశావు, కాదనను. రేపటినుంచి రావద్దు."

ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సిన మాటలు మూడే. అది నేనే పెట్టాను. ఆ మూడు మాటలూ గొంతు దాకా వచ్చాయి, అక్కడే ఆగిపోయాయి. ఎందుకాగాయో కూడా ఆమెకి తెలుసు. శుక్రవారం పొద్దున్న తమ కొత్త ప్రార్థన గది అనుమతి ఫైలు మీద సంతకం పెట్టవలసినవాడు ఆ ఆఫీసరే.

దారం బాబాయి మెడలోంచి ఉండ తీసి, వదులైన కొస చుట్టి, బల్ల మీద పెట్టాడు. వెళ్ళిపోతూ ఆమె దగ్గర ఆగి, ఆమె చేతి కింద నుంచి ఇస్త్రీ పెట్టెని పైకి లేపాడు. తెల్ల కాలరు మీద గోధుమరంగు మచ్చ పడి ఉంది.

"చూసుకో అమ్మా," అన్నాడు మెల్లగా. అంతే అని వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త ముందు గదిలో కింద కూర్చుని ఫైలులో కాగితాలు వరసగా పెడుతున్నాడు. సైకిల్ షాపు పైన తీసుకోబోయే గది కొలతల పటం, ఆ షాపు యజమాని ఒప్పుకోలు పత్రం, పందొమ్మిది మంది సంతకాలు. సంఘంలో ఆయన్ని అయ్యగారంటారు. ఇంట్లో ఆయన తల్లి మాత్రం ఒరేయ్ అంటుంది. ఆవిడ వంటింటి గుమ్మంలో బీన్సు తుంచుతూ, ఆ కాగితాల్ని చూసి నవ్వుతోంది.

"పొద్దుటినుంచీ ఇది నాలుగోసారే సర్దడం. పొద్దున్న భోజనానికి ముందు ప్రార్థన చేశాడు చూడు, అన్నం చల్లారి గడ్డకట్టింది. వీడికి భయమేసిన కొద్దీ ప్రార్థన పొడుగవుతుంది."

"అమ్మా, ఊరుకో."

ఆయన భయానికి కారణం ఉంది. సంఘం చూసుకున్న గదుల్లో ఇది మూడోది. మొదటి గది కిటికీలు రాళ్ళతో పగిలాయి. రెండో గదికి పోయినేడు తాళం పడింది. అనుమతి లేకుండా జనాన్ని పోగేశాడని ఆయన్ని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. వీధిలో నిలబడి దేవుడి వాక్యం చెప్పకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. ఆ రోజు నుంచీ ఆయన మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో కూడా.

ఆ తర్వాతే ఆమె కాగితాలు రాయడం మొదలుపెట్టింది. ఆయన నోరు కట్టేశారు, నా చేతులు కట్టెయ్యలేదు కదా అనుకుంది. ప్రసంగాలు చెయ్యడం రాదు ఆమెకి. ఒక్కో కాగితం మీద ఒక్కో వాక్యం, అది కూడా తన సొంత మాటల్లో, ఎదురుగా ఎవరో అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు ఊహించుకుని రాసేది. ఇస్త్రీ అయ్యాక జేబులో పెట్టి పైనుంచి ఒకసారి పెట్టె నడిపితే కాగితం ఉందని కూడా తెలియదు. రోజుకి ముప్పై, ఎనిమిది నెలలుగా. చిన్న సేవ ఒకటి చేస్తున్నానని భర్తతో చెప్పింది గానీ ఎలా చేస్తోందో చెప్పలేదు.

ఇప్పుడు చెప్పింది. నిలబడే చెప్పింది, చేతిసంచి కూడా కింద పెట్టకుండా.

ఆయన వింటున్నంతసేపూ ఫైలు అట్టని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. "ఆయన జేబులోనా? ఊళ్ళో ఇన్ని జేబులుండగా ఆయన జేబే దొరికిందా?"

"ఎవరి చొక్కా ఏదో నాకెలా తెలుస్తుందండీ. బట్టల మీద గుర్తులే గానీ పేర్లుండవు, పేర్లు మూటల మీదే."

"అది పెట్టింది నువ్వని ఆయనకి తెలుసా?"

"తెలీదు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పీల్చుకోవడంలో కొంచెం ఊరట ఉంది. అది ఆమెకి వినపడింది, బాధేసింది. "అయితే శుక్రవారం దాకా ఊరుకో. సంతకం అయిపోనీ. తర్వాత ఇద్దరం వెళ్ళి ఓనరుతో చెబుదాం. ఆ పెద్దాయనకి క్షమాపణ కూడా చెబుదాం."

"అప్పటికి ఆ చోట్లో వేరే మనిషి వచ్చేస్తాడు."

"నువ్వు చెబితే ఒక మనిషికి పని దొరుకుతుంది. చెప్పకపోతే పందొమ్మిది మందికి చోటు దొరుకుతుంది. నేనేదో నా కోసం అడుగుతున్నట్టు చూడకు."

ఆయన స్వార్థం కోసం అడగడం లేదని ఆమెకి తెలుసు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాదనడం తేలిక. వంటింట్లోకి వెళ్ళి అత్త పక్కన కూర్చుని బీన్సు తుంచసాగింది. అత్త కాసేపు ఆమె మొహంలోకి చూసి, తుంచిన ముక్కల గిన్నెలోంచి నారలన్నీ ఏరి పక్కన పడేసింది.

"నారలు ముక్కల్లో వేస్తున్నావే," అంది. "ఏం కొంప మునిగింది?"

"ఏం లేదత్తయ్యా."

"సరే, ఏం లేదులే," అంది అత్త, ఒక్క ముక్క కూడా నమ్మకుండా.

*

గురువారం మూటలు ఓనరే కట్టాడు. మధ్యాహ్నానికి మూడు మూటలు కౌంటరు మీదే విడిపోయాయి. నాలుగోదానికి ముడి బిగుసుకుపోయి కత్తెర తెప్పించాల్సి వచ్చింది. దాని యజమాని, ఇది మూటా, గాయానికి కట్టిన కట్టా అని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ రోజు ఆమె ఒక్క జేబులో కూడా కాగితం పెట్టలేదు. సంచిలో ముప్పై కాగితాలూ అలాగే ఉన్నాయి. బల్ల మీదికి వచ్చిన ప్రతి చొక్కా జేబూ ఆమెని చూస్తున్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ ఈ పని చేస్తుంటే గర్వంగా ఉండేది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

పని అయ్యాక దారం బాబాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. రెండో అంతస్తులో ఒకే గది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని పాత కుర్చీకి దారంతో కూర్చునేచోటు అల్లుతున్నాడు. ఖాళీగా ఉంటే ఆయన వేళ్ళు ఊరుకునేలా లేవు. ఆయన భార్య గ్లాసుతో నీళ్ళిచ్చి, స్టూలు తుడిచి కూర్చోమంది.

"నువ్వొక్కదానివైనా వచ్చావమ్మా చూడ్డానికి," అంది. "ఎవడు పెట్టాడో గానీ, వాడి చేతులు పడిపోను. ఇరవై ఆరేళ్ళు మాట పడకుండా పనిచేసిన మనిషి. ఈ వయసులో ఎవడిస్తాడు పని? నిన్న ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా, ఇవాళ తొందరగా అయిపోయిందన్నాడు. అంతే. నేను మూడుసార్లడిగితే గానీ చెప్పలేదు."

ఆమె గ్లాసులోంచి ఒక గుటక మింగి కింద పెట్టింది.

"పిన్నీ, అది..."

"పంచదార అయిపోయింది కదూ," అన్నాడు బాబాయి భార్యతో. "కింద కొట్టు మూసేస్తారు. అమ్మాయికి టీ ఇవ్వాలి, తీసుకురా."

ఆవిడ సణుక్కుంటూ మెట్లు దిగింది. అడుగుల చప్పుడు ఆగేదాకా ఆయన అల్లుతూనే ఉన్నాడు.

"బాబాయ్, ఆ కాగితం నేనే పెట్టాను."

"తెలుసమ్మా."

"తెలుసా?"

ఆయన లేచి, మంచం కింద నుంచి ఒక పెద్ద రేకు డబ్బా లాగాడు. మూత తీశాడు. లోపల కాగితం ముక్కలు, యాభై యాభై చొప్పున కట్టలు కట్టి, ఒక్కో కట్టకీ తన ముడి వేసి ఉన్నాయి. డబ్బా నిండా ఆమె చేతిరాతే. ఎనిమిది నెలల పొద్దున్నలన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి.

"మూట కట్టేముందు ప్రతి జేబూ తడమడం నాకలవాటు," అన్నాడాయన. "పెన్నులుంటాయి, మందుబిళ్ళలుంటాయి. మొదటిరోజే దొరికాయి నీ కాగితాలు. ఓనరు చూస్తే నీ పని పోతుందని తీసేశాను. రోజూ తీసేస్తూనే ఉన్నాను."

"ఒక్కటీ... ఎవరికీ వెళ్ళలేదా?"

"వెళ్ళలేదమ్మా."

ఆమెకి ఏడుపొచ్చింది. అది పని పోయిన మనిషి మీద జాలితోనా, తన ఎనిమిది నెలల సేవ డబ్బాలో పడి ఉన్నందుకా అనేది ఆమెకే తెలియలేదు. ఎక్కువ భాగం రెండోదానికే అనిపించి, దానికి మళ్ళీ సిగ్గుపడింది.

"పారేయొచ్చు కదా, ఎందుకు దాచారు?"

"చదివాక పారెయ్యబుద్ధి కాలేదు. నేను మీ ప్రార్థనలకి వచ్చే మనిషిని కాదు, నీకు తెలుసు. కానీ మనుషుల గురించి ఇంత మర్యాదగా రాసినవి నేనెక్కడా చూడలేదు." ఆయన మూత పెట్టేశాడు. "ఇంకోటి చెప్పాలి. ఆఫీసరు జేబులోది పొరపాటున మిగల్లేదు. నేనే వదిలేశాను."

"మీరా?"

"పదమూడేళ్ళుగా ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను. మొహం చూడలేదు గానీ చొక్కాలు చూస్తే ఇల్లు తెలుస్తుంది. రెండేళ్ళ కిందటి దాకా ఆయన గుండీ ఊడితే మర్నాటికల్లా కుట్టి వచ్చేది. చేతి అంచులు పిగిలితే లోపలికి మడిచి కుట్టేవాళ్ళు, చాలా సన్నటి కుట్టు. ఒకరోజు నుంచి అవన్నీ ఆగిపోయాయి. రెండో గుండీ ఊడి రెండేళ్ళయింది, ఇప్పటికీ అలాగే వస్తోంది. ఆయన భార్య పోయి ఉంటుంది. మంగళవారం నాకు నీ కాగితం దొరికింది, నిశ్శబ్దం గురించి రాసింది. ఇది ఈయనకి చేరాల్సింది అనిపించింది. మళ్ళీ జేబులో పెట్టి ముడి వేశాను. ఆయన ఎగతాళి అనుకుంటాడని నాకు తట్టలేదు."

కింద మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఆయన డబ్బా మంచం కిందికి తోశాడు.

"కాబట్టి తప్పు నాది. చివరి చెయ్యి నిజంగానే నాది. నువ్వు నోరెత్తకు. మీ గది పని ఉందని విన్నాను, అది చూసుకో. నాకీ కుర్చీలు అల్లుకుంటే సరిపోతుంది."

పిన్ని పంచదార పొట్లంతో లోపలికొచ్చింది. ఆమె టీ తాగింది. టీ బాగుందని కూడా అంది. దారిలో నడుస్తూ లెక్క వేసుకుంది. ఓనరు చెప్పొద్దనే అనుకుంటున్నాడు. భర్త వద్దన్నాడు. పని పోయిన మనిషే వద్దన్నాడు. చెప్పమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంతమంది వద్దంటుంటే మనసు తేలికపడాలి. పడకపోగా ఇంకా బరువెక్కింది. కాగితం పెట్టినవాడి చేతులు పడిపోవాలని శపించిన పిన్ని, ఆ చేతులకే టీ కప్పు అందించింది.

*

శుక్రవారం భర్త తొమ్మిదింటికే ఫైలు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె లాండ్రీకి వెళ్ళి, వెనక గదిలోకి పోకుండా కౌంటరు ముందు నిలబడింది. ఓనరు ఒక మూటతో కుస్తీ పడుతున్నాడు.

"ఆ కాగితం నేను పెట్టానండీ. బాబాయికేం సంబంధం లేదు."

ఓనరు చేతిలోంచి దారం జారింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా విసుగే ఎక్కువ కనపడింది.

"ఎందుకు చెప్పావు?" అన్నాడు. "నువ్వు చెప్పకుండా ఉంటే నాకు తెలియకుండా ఉండేది కదా."

"బాబాయిని మళ్ళీ పనిలోకి తీసుకోండి."

"నేను తీసుకుంటే సరిపోతుందా? ఆయన తీసెయ్యమన్నాడు, తీసేశాను. ఆయన సరేననాలి. వెళ్ళి చెప్పుకో. ఈ విషయంలో నా పేరు మాత్రం ఎత్తకు."

మున్సిపల్ ఆఫీసు ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది, ప్రతి మలుపులోనూ మర్చిపోయింది. మొదటి అంతస్తులో పొడుగాటి వరండా, గోడవారగా బెంచీ. బెంచీ చివర భర్త, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత అర్థమైంది. తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనపడనంత చిన్నగా.

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. "ఓనరుకి చెప్పేశానండీ. ఇంక ఈయనకి చెప్పాలి."

"పది నిమిషాలాగు," అన్నాడాయన. "తర్వాత వంతు నాదే. నేను వెళ్ళొచ్చేదాకా ఆగు. అంతే కదా నేనడిగేది, పది నిమిషాలు."

"మీరు సంతకం పెట్టించుకుని బయటికి రాగానే నేను లోపలికెళ్తే, ఆయన ఏమనుకుంటాడు? మనం ఏమనుకుంటాం?"

ఫైలు అంచు మీద ఆయన బొటనవేలు ఆడటం ఆగిపోయింది. గది తలుపు తీసుకుని బంట్రోతు బయటికొచ్చాడు.

"సైకిల్ షాపు పైన గది ఎవరిదండీ?"

ఆయన లేచాడు. ఒక అడుగు వేశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"మాదే," అన్నాడు, చాలా రోజుల తర్వాత పెద్ద గొంతుతో. "ముందు మా ఆవిడ వెళ్తుంది. నా వంతు ఆవిడకిస్తున్నాను."

ఆమెకి ఆ క్షణంలో ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. బంట్రోతు తొందరపెడుతున్నాడు. లేచి లోపలికి వెళ్ళింది.

ఆఫీసరు యాభై అయిదేళ్ళ మనిషి. తల వంచి ఏదో రాస్తున్నాడు. మొహం కన్నా ముందు ఆమెకి కాలరు కనపడింది. అది తన పనే. రెండో గుండీ ఉండాల్సినచోట దారపు పోగు ఒకటి నిలబడి ఉంది.

"ఫైలేది?" అన్నాడు తలెత్తకుండా.

"ఫైలు కాదండీ. మీ జేబులో కాగితం పెట్టింది నేను. లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. ఆ పని పోయిన పెద్దాయన తప్పేం లేదు."

కలం ఆగింది. ఆయన తలెత్తి చాలాసేపు చూశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుందామనుకుని, పట్టుకోకుండా చేతులు రెండూ ముందు కట్టుకుంది.

"మా ఇంటి సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. మీరెవరో నాకు తెలీదు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి చొక్కాలోనూ ఒకటి పెట్టేదాన్ని."

"ఇంకొకళ్ళ జేబులో చెయ్యి పెట్టే హక్కు నీకెవరిచ్చారు?"

ఆమె ఆలోచించింది. "ఎవరూ ఇవ్వలేదండీ. అది తప్పే."

ఆ జవాబు ఆయన ఊహించినట్టు లేదు. కుర్చీలో కొంచెం వెనక్కి వాలాడు. "రోజుకెన్ని?"

"ముప్పై. ఎనిమిది నెలలుగా."

"అంటే ఊరంతా పంచేశావన్నమాట. ఎన్ని వేలమందికి చేరి ఉంటాయి?"

"ఒక్కటే చేరిందండీ."

"ఏంటీ?"

"మిగతావన్నీ ప్యాకింగు బాబాయి తీసేశారు. ఒక్కటే బయటికెళ్ళింది. మీకు."

బయట వరండాలో ఎవరో దగ్గారు. ఆయన బల్ల సొరుగు తీసి, మళ్ళీ మూశాడు. "అన్నీ తీసినవాడు ఇదొక్కటీ ఎందుకు వదిలాడు?"

ఇది చెబితే బాబాయి మళ్ళీ ఇరుక్కుంటాడేమో. చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్టు. సగం నిజం కోసం ఇంత దూరం రానక్కర్లేదు. "ఆయన పదమూడేళ్ళుగా మీ చొక్కాలు మడతపెడుతున్నారండీ. మీకు గుండీలు కుట్టే మనిషి రెండేళ్ళుగా లేరని గమనించారు. ఇది మీకు చేరాలనుకున్నారు. మీ మీద ఎగతాళి కాదండీ. ఆయనకి మీ మీద బెంగ."

ఆయన చెయ్యి దానంతటదే చొక్కా మీదికి వెళ్ళింది. రెండో గుండీ ఉండాల్సినచోట వేలు ఆగింది. ఆ పోగుని పట్టుకున్నాడు, తెంపలేదు. కిటికీవైపు తిరిగాడు. ఆమె నిలబడే ఉంది. ఏదైనా మంచిమాట చెప్పాలనుకుంది. ఎనిమిది నెలలుగా రాసిన వేల మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

చివరికాయన ఫోన్ తీసి లాండ్రీకి చేశాడు. "ఆ మూటలు కట్టే పెద్దాయన్ని మళ్ళీ రమ్మనండి. అవును, రేపే. నేనే చెబుతున్నాను." అవతల ఓనరు గొంతు ఆమెకి స్పష్టంగానే వినపడింది. తప్పకుండానండీ, ఆ కాగితం పెట్టినావిడని కూడా ఇందాకే తీసేశానండీ, ఇంక మీకేం ఇబ్బంది ఉండదండీ. తనని తీసేసిన సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. ఆఫీసరు ఆమెవైపు చూశాడు. ఫోన్ పెట్టేశాడు.

"బయట కూర్చున్నది మీ ఆయనా? సైకిల్ షాపు పైన గది?"

"అవునండీ."

ఆయన ఎడమవైపు కట్టలోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకి తిప్పాడు. అడుగున సంతకం, పక్కన బుధవారం తేదీ. "వీధి వాళ్ళు ఒప్పుకోలేదు. మొన్ననే రాసేశాను, కుదరదని. మీ ఆయన్ని రమ్మన్నది అది చెప్పడానికే."

బుధవారం. అంటే నోరు మూసుకుని కూర్చున్నా ఆ గది దక్కేది కాదు. బాబాయి పని మాత్రం పోయేది. ఆ రెండు రోజుల మౌనం దేనికీ కొరగాకుండా పోయేదని ఆమెకి తెలిసింది. కానీ గుండెల మీద నుంచి ఏదో బరువు దిగిపోయింది కూడా.

"వెళ్ళొస్తానండీ," అంది.

తలుపు దాకా వెళ్ళింది. వెనక నుంచి ఆయన పిలిచాడు.

"ఆదివారం ఎక్కడ కలుస్తారు మరి?"

ఆమె తిరిగి చూసింది. ఆయన సొరుగులోంచి ఆ రెండు వేళ్ళ కాగితం తీశాడు. నిశ్శబ్దం గురించి రాసింది. దాన్ని వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టుకుని, కలం పట్టుకుని చూస్తున్నాడు. ఆ మొహంలో ఏముందో ఆమె చదవలేకపోయింది. అనుమతి లేకుండా జనం చేరితే ఏమవుతుందో ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి అందరికన్నా బాగా తెలుసు. పోయినేడు తాళం వేయించిన కాగితం కూడా ఈ గదిలోంచే వెళ్ళి ఉంటుంది. తెలీదండీ అని వెళ్ళిపోవచ్చు. పక్క వీధి పేరు చెప్పినా ఇప్పటికిప్పుడు ఎవరికీ తెలియదు.

"మా ఇంట్లోనండీ," అంది. "ఉదయం ఎనిమిదింటికి."

"ఎక్కడ?"

ఆమె వీధి పేరు చెప్పింది. మందుల షాపు పక్క సందు, ఎడమచేతివైపు మూడో గుమ్మం అని ఆనవాలు కూడా చెప్పింది. ఆయన రాసుకుంటున్నాడు. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు వణుకుతూనే ఉంది. ఇంటి నంబరు మాత్రం తప్పు చెప్పలేదు.